దోమపై దండయాత్ర

పెద్ద కష్టమునకు లోకమున నాదరణ గలదు. ఇంట దొంగ పడినచో వీధియంతయు మేలుకొనును. పాము దూఱినచో కఱ్ఱలు చేతబట్టి పదుగురు పరుగెత్తి వత్తురు. జ్వరము తగిలినచో రొట్టెలును పండ్లును గొని చుట్టములు పలుకరింప వత్తురు. కాని రాత్రియంతయు దోమయొకటి చెవిలో పాడినదని మొఱపెట్టుకొన్నవారికి నవ్వులే దక్కును. చిన్న కష్టము నెవరికి వారే యనుభవింపవలెను. ఆదరణ లేనందుననే కాబోలు, అది పెద్ద కష్టముకంటె నెక్కువ కోపమును పుట్టించును. సోదరీమణులు తమ తమ యిండ్లలోని చీమలను, ఎలుకలను, మూత కుదరని డబ్బాలను తలచుకొని మా మాట సత్యమో కాదో నిర్ణయింతురుగాక. మా పగ మాత్రము దోమతో.

మా రుద్రంగి వేములవాడనుండి కోరుట్లకు పోవు త్రోవలో నున్నది. 2016 వఱకు చందుర్తి మండలములోని గ్రామముగ నుండి, ఆ సంవత్సరమున రాజన్న సిరిసిల్ల జిల్లా యేర్పడినపుడు తానే యొక మండలమునకు కేంద్రమైనది. ఊరికి హోదా పెరిగినందుకు మే మందఱమును సంతోషించితిమి. దోమలు గూడ సంతోషించినట్లున్నవి. వానకాలము వచ్చెనా, సందెదీపము వెలిగించు వేళకు పెండ్లివారివలె బారులు దీఱి వచ్చును. ఇట్లు గుంపుగా వచ్చు దోమలపై మాకంత కోపము లేదు. వానికి వేపాకు పొగ గలదు, దోమతెర గలదు. అందఱును నిద్రించిన పిదప, తెరలోపల చిక్కి యొంటరిగ మిగిలిన యా యొక్క దోమ గలదే, దానిపైననే మా యలుక యంతయు.

మొన్నటి వానకాలములో నొకనాటి రాత్రి కరెంటు పోయి పంకా నిలిచినది. పిల్లలును అత్తగారును మా వారును నిద్రలో మునిగియుండిరి. ఆ దోమ మా కుడిచెవి చెంత శ్రుతి పెట్టెను. దోమ తూకము రెండు, రెండున్నర మిల్లిగ్రాములట. దాని రెక్కలు సెకనునకు కొన్ని వందల మాఱులు కొట్టుకొనుటవలన నా ధ్వని పుట్టునట. కాలుండగా, చేయియుండగా, చెవియొద్దనే యేల పాడవలెనన్న, మనము విడుచు నూపిరిలోని బొగ్గుపులుసు వాయువు జాడ బట్టి యది తలవైపు వచ్చునని శాస్త్రజ్ఞులు చెప్పుచున్నారు. అనగా నూపిరి విడుచుట మానినగాని దాని పాట మానదన్నమాట.

మొదటి దెబ్బ మా చెంపకే తగిలినది. రెండవది మా వారి భుజమునకు తగిలినది గాని, ఆయన బడిపంతులగుటచేత ఏ చప్పుడునకును నిద్ర చెడనివ్వని యభ్యాసము గలవారు. మూడవ దెబ్బ దిండు సహించినది. లేచి సెల్లుఫోను దీపము వెలిగించితిమి. వెలుతురు పడగానే దోమ మాయమగును, ఆర్పగానే పాట మొదలగును. చీకటిలో ఘటోత్కచునకు బలము హెచ్చునని భారతమున విన్నదే. ఇది యతని వంశములోని యాడుబిడ్డయై యుండును.

ఇక నుపేక్షించుట తగదని నిశ్చయించి, కొంగు బిగించి, దోమల బ్యాటును చేతబూనితిమి. ఆ యాయుధమునకు నిప్పురవ్వల గర్జన గలదు గాని గుఱి లేదు. దుప్పట్లు దులిపితిమి. పిల్లల నీ ప్రక్కనుండి యా ప్రక్కకు దొరలించితిమి. దోమతెర నాలుగు కొసలును విప్పి, వల వేసిన జాలరివలె దానిని గదియంతయు త్రిప్పితిమి. పిమ్మట మంచమెక్కి దూలముల సందున వెదకుచుండగా, బ్యాటుకొన తగిలి గూటిలోని యిత్తడి బిందె క్రిందపడినది. నడిరేయి యిత్తడి బిందె నేలకు దిగునపుడు చేయు శబ్దమును వర్ణించుటకు మా విద్య చాలదు. అత్తగారు లేచి కూర్చుండి “దొంగలు, దొంగలు” అని కేకవేసిరి. పిల్లలు భూకంపమనుకొనిరి. గోడకావలనుండి పొరుగింటావిడ పలుకరించెను.

“పంతులమ్మా, దొంగ దొరికిండా?”

“దొంగ గాదమ్మా, దోమ.”

“గింత దోమకు గంత లొల్లా!”

అంత మా వారును లేచి, కండ్లు తెఱువకయే నీతిబోధ చేసిరి. “ఒక్క దోమకొఱ కింత సంరంభమా? ఉపేక్షించి పండుకొన్నచో అదే పోవును” అనిరి. ఈ మాట యెవరు చెప్పినను వినియుందుముగాని, తరగతిలో నొక బాలుడు కలము మీట టక్కుటక్కున నొక్కినచో పాఠము నిలిపి, యా కలమెవరిదని పావుగంట విచారణ సాగించువారు చెప్పిన నెట్లు విందుము? ఆ మాటయే యంటిమి. “అది క్రమశిక్షణ” అని యావలకు తిరిగి పండుకొనిరి. ఒకే పనికి పురుషులు చేసిన క్రమశిక్షణయనియు, స్త్రీలు చేసిన సంరంభమనియు పేరు. ఈ భేదము ఏ నిఘంటువున గలదో మాకు దొరకలేదు.

తెల్లవాఱునప్పటికి వీధియంతయు కథ ప్రాకినది. నీళ్లకు వచ్చినవారెల్ల “దోమ దొరికెనా?” యని యడిగిరి. మాకు పెద్దల యొద్ద చదివిన భారత భాగవతములు దప్ప వేఱు బలము లేదు గనుక, సమాధానము నచ్చోటనే వెదకితిమి. వెదకినకొలది మాకు ధైర్యము హెచ్చినది. సోదరీమణులారా, పదునెనిమిది పర్వముల మహాభారతమునకు ముంగిలి యేదనుకొన్నారు? ఒక కుక్కపిల్లను కొట్టిన కథ. జనమేజయుని తమ్ములు యాగశాలకు వచ్చిన కుక్కపిల్లను కొట్టిరి. దాని తల్లి సరమ వచ్చి, నిరపరాధిని కొట్టినందుకు తెలియని భయము మీకు వచ్చునని రాజుతో ననిపోయెను. ఆ భయము బాపుకొనుటకు రాజు పురోహితుని వెదకవలసి వచ్చినది. అతని తండ్రి పరీక్షిత్తు కథ యంతకన్న చిన్నది. దప్పిగొన్నవాడు నీళ్లడిగినపుడు మౌనవ్రతములో నున్న ముని పలుకలేదు. అంతమాత్రమునకే మెడలో చచ్చిన పామును వేసెను. ముని యూరకుండెను గాని, ముని కొడుకు యూరకుండలేదు. ఏడు దినములలో ప్రాణము తీయు శాపమిచ్చెను. తక్షకుడు పండులో పురుగై వచ్చి కఱచెను. ఆ కాటుకై జనమేజయుడు లోకములోని పాములన్నిటిని అగ్నికి ఆహుతి యిచ్చు యాగమునకు పూనుకొనెను. రురుడను మునికుమారుడును అంతే. ప్రియురాలిని పాము కఱచినందుకు, తన యాయువులో సగమిచ్చి యామెను బ్రతికించుకొనియు పగ చల్లాఱక, కనబడిన పామునెల్ల కొట్టుచు తిరిగెను. ఇందఱు మహానుభావులు చేసిన దానిలో మేము చేసినదెంత? ఒక బిందెకు సొట్ట.

మా వారు సహనమునకు కర్ణుని నుదాహరించిరి. పరశురాముడు తొడపై తలయుంచి నిద్రించుచుండగా, పురుగొకటి తొడను తొలిచినను గురువునకు నిద్రాభంగమగునని కర్ణుడు కదలలేదు. నిజమే. కాని కథ నంతతోనే నిలిపివేయుట పాఠము చెప్పువారికి తగదు. నెత్తురు తగిలి లేచిన గురువు, ఇంత యోర్పు బ్రాహ్మణునకుండదని కర్ణుని గుట్టు గ్రహించి, అక్కఱవేళ నస్త్రము జ్ఞప్తికి రాకుండునట్లు శపించెను. ఇక నా పురుగో? అది పూర్వము దంశుడను రాక్షసుడు. భృగుమహర్షి శాపమువలన పురుగైనవాడు పరశురాముని చూపు సోకి విముక్తుడై పోయెను. కుట్టినవానికి శాపవిమోచనము, సహించినవానికి శాపము! కర్ణుడు మా వలె కేకవేసి లేచియుండినచో కురుక్షేత్రమున నేమి జరిగియుండునో కదా యని యడిగితిమి. మా వారు బడికి వేళయైనదని గొడుగు తీసికొనిరి.

అత్తగారు మాత్రము మా పురాణమునకు లొంగలేదు. ఆమె యొద్ద మాండవ్యుని కథ గలదు. బాల్యమున పురుగులను గడ్డిపోచతో గ్రుచ్చినందుకు గదా యా మహర్షి శూలమెక్కవలసివచ్చినది! “జీవహింస పాప మమ్మా, బిడ్డా” యని యామె మాట. మేము వినయముతో నొక విషయము మనవి చేసితిమి. మాండవ్యుడు యమునితో వాదులాడి, పదునాలుగేండ్లలోపు పిల్లలు చేసినది పాపము గాదని నియమము చేసి, చిన్న తప్పునకు పెద్ద శిక్ష వేసిన యముని భూమిపై విదురుడుగా పుట్టునట్లు శపించినాడు. ఆమె యాలోచించి, “అయితే నీకు పదునాలుగు దాటలేదా?” యనెను. దాటి యింకొక పదునాలుగును దాటినవి. ఆ వాదములో మే మోడితిమి.

సాయంకాలము మా వారు బడినుండి నవ్వుమొగముతో వచ్చిరి. “కుట్టునది యాడుదోమ మాత్రమేయట. మగదోమ పూలతేనె, ఆకుల రసము త్రాగి యెవరికిని కీడు చేయక బ్రదుకునట” అని, లోకరహస్యమేదో దొరికినట్లు చెప్పిరి. మాట నిజమే. కాని యాడుదోమ నెత్తురు త్రాగునది తన యాకలికి గాదు, గ్రుడ్లు పెట్టుటకు. నెత్తురులోని సత్తువ లేనిదే దాని కడుపున పిల్లలు కూడవు. పిల్లలకొఱకు ప్రాణమునకు తెగించి, చెంపదెబ్బల నడుమ తిరుగునది యాడుది; పూవులమీద పూవులు మార్చుచు తిరుగునది మగది. ఈ కథను తరగతిలో ఏ విధముగ చెప్పుదురో మేమును వినవలెనని యంటిమి. చెప్పవద్దూ, ఆ క్షణమున శత్రువుపై మాకు కొంత గౌరవము గలిగినది. గౌరవము వేఱు, బ్యాటు వేఱు.

దోమపై మా వంటి పట్టుదల గలవా రింకెవరైన నుండిరా యని విచారింపగా, మన తెలంగాణములోనే యొకరు కనబడిరి. రోనాల్డ్ రాస్ అను నింగ్లీషు సైనిక వైద్యుడు. 1857లో ఆల్మోరాలో పుట్టినవాడు. మలేరియా జ్వరము దోమవలన వచ్చునన్న యనుమానముతో నతడు సికింద్రాబాదులో దోమలను పట్టి, కడుపులు కోసి, సూక్ష్మదర్శనిలో చూచుటయే పనిగా పెట్టుకొనెను. ఉక్కపోయుచున్నను పంకా లాగనిచ్చువాడు కాడట. లాగినచో కోసియుంచిన దోమలు గాలి కెగిరిపోవును! నుదుటి చెమట కాఱి యా యంత్రపు మరలు త్రుప్పు పట్టినవట. జ్వరపడిన హుస్సేన్‌ఖాన్ అనువానిని దోమలచేత కుట్టించి, కాటునకొక యణా చొప్పున వాని కిచ్చెను. ఆ కుట్టిన దోమలలో నొకదాని కడుపున, 1897 ఆగస్టు 20వ తేదీన, మలేరియా క్రిమి రాస్ కంటబడినది. ఆ సంతోషమున పద్యములుకూడ వ్రాసెను. 1902లో నతనికి నోబెల్ బహుమాన మిచ్చిరి. ఆగస్టు 20ని నేటికిని ప్రపంచ దోమల దినముగా జరుపుచున్నారు. ఒక్క దోమకొఱకు చెమటలు గార్చుకొని, పంకా మాని, రూకలు పోసి, కావ్యము చెప్పినవానిని చూచి లోక మెవ్వరును “ఇంత సంరంభమా?” యనలేదు.

జపానులో నింకొక యిల్లాలు గలదు, యూకి యను పేరుగలది. ఆమె భర్త ఉయెయామా, చామంతిజాతి పూల పొడితో దోమలను తఱుము నగరువత్తులు చేయించెను. అవి గంటసేపైనను నిలువక కాలిపోయెడివి. 1895 ప్రాంతమున నామెయే, వత్తిని పొడవుగా జేసి పాము చుట్టవలె చుట్టుడని సలహా చెప్పెనట. రాత్రియంతయు వెలుగు దోమల చుట్ట అట్లు పుట్టినది. నిద్రలేని యిల్లాలుగాక యీ యుపాయము వేఱెవరికి తోచును!

ఇంతవఱకు నవ్వులే. నవ్వు నిలిచిన సంగతి యొకటి గలదు.

అదే వానకాలమున మా వాడకట్టులో నెనిమిదేండ్ల పిల్లకు జ్వరము వచ్చినది. మొదటి దినము వానలో తడిసినదనుకొనిరి. రెండవ దినము కండ్ల వెనుక నొప్పి యన్నది. మూడవ దినము ఒంటిపై ఎఱ్ఱని చుక్కలు కనబడినవి. నెత్తురు పరీక్షింపగా డెంగీ యనిరి. కరీంనగరము కొనిపోయిరి. జ్వరము తగ్గిన వెనుకనే యసలైన భయమని వైద్యులు చెప్పగా, ఆ తల్లి రెండు రాత్రులు బిడ్డ కాలి బొటనవ్రేలిని పట్టుకొని కూర్చుండెను, చల్లబడునేమోనని. ఆమె మా గోడకావలి పొరుగింటావిడయే. దేవుని దయవలన పిల్ల బాగై యింటికి వచ్చినది. వచ్చిన మఱునాడు మేము చూడబోతిమి. ఆమె మమ్ము గడపలోనే నిలిపి, “పంతులమ్మా, నీ బ్యాటేది?” యని యడిగెను. ఆమె కంట నీరు తిరిగినది. మాకును మాట రాలేదు.

తెలిసికొనగా, డెంగీ దోమ రాత్రి పాడు మా శత్రువు గాదు. కాళ్లపై తెల్లని చాఱలుండును. పగటివేళనే, ప్రొద్దున లేచినది మొదలు సందెవఱకు, మనము పనిలో నుండగా సద్దు లేక వచ్చి కుట్టును. మురుగునీరు దానికి గిట్టదు. మనము ప్రేమతో మూతలేక యుంచిన మంచినీరే దాని పురిటిల్లు. గ్రుడ్డు మొదలు రెక్కలు వచ్చువఱకు వారము, పది దినములు చాలును. అందుచేతనే యారోగ్యశాఖవారు శుక్రవారమును ‘డ్రై డే’ యని పేరిడి, వారమున కొకమాఱు పాత్రలన్నియు వంపి యారబెట్టుడని చాటుచుందురు. ఏడవనాటికి నీరు పోయినచో లోని పిల్లపురుగు దోమ కాజాలదు. అయితే వంపినంతమాత్రమున చాలదు. గ్రుడ్లు నీటి యంచున గోడ కంటుకొని, నెలల తరబడి యెండినను చావక, తిరిగి తడి తగిలినపుడు పొదుగును. కాబట్టి పీచుతో గట్టిగా తోమవలెను.

తోముట యనగానే యది మన రాజ్యమని సోదరీమణులకు తెలిసియే యుండును. పొరుగింటావిడయు మేమును కలిసి యొక శుక్రవార ముదయమున మొదలు పెట్టితిమి. రెండవ వారమునకు నలుగురు, నెలనాటికి వాడకట్టుయంతయు చేరినది. గోలెములు, డ్రమ్ములు, పశువుల కుడితి తొట్లు తోమించితిమి. వాన నిలిచిన రోళ్లు వంపితిమి. ఇంటిమీది పాత టైర్లు, కొబ్బరి చిప్పలు, పగిలిన బకెట్లు, తులసికోట చుట్టు పూలకుండీల క్రింది పళ్లెములు, చలిపెట్టె వెనుకనుండు నీటి పళ్లెము, వీనిలో నొక్కటియు విడువలేదు. ఆ వెనుక పళ్లెమొకటి గలదని యెందఱికో తెలియదు. తెలియనివారు నేడే చూచుకొందురుగాక. ఒక యింట తాళము వేసి పట్నము పోయిరి. ప్రహరీ దూకి లోనికి పోయి వారి గోలెము బోర్లించి వచ్చినది మా పొరుగింటావిడ. గింత దోమకు గంత లొల్లాయని యిప్పుడు వాడకట్టువారు మమ్ముగాదు, ఆమె నడుగుచున్నారు.

మా వారికి కూలరు నప్పగించితిమి. వేసవి గడచిన పిదప కూలరు అడుగున మిగులు నీరు దోమలకు సముద్రమంత. దానిని వంపి, తుడిచి, ఎండబెట్టి, గోనె కప్పి అటకెక్కించుట బడిలో పాఠము చెప్పినంత సులభము గాదని, నడుము పట్టుకొని యాయనయే యొప్పుకొనిరి. ఇపుడు బడిలో గూడ శుక్రవారమునాడు పిల్లలచేత నీళ్లతొట్టి చూపించుచున్నారు. తలక్రిందులుగ వ్రేలాడు పురుగొక్కటి కనబడినచో పాఠము నిలిపి విచారణ సాగును. దానికిని క్రమశిక్షణ యనియే పేరు.

రాత్రి యుద్ధము మాత్రము మేము మానలేదు. శుక్రవారపు పని వాడకట్టుకొఱకు. రాత్రి బ్యాటు మా మనస్సునకొఱకు. పట్టుబడిన దోమ నిప్పురవ్వయై మెఱసినపుడు కలుగు తృప్తి కేదియు సాటిరాదు.

హుస్సేన్‌ఖాన్ కథ విన్నది మొదలు మా యత్తగారికి మాండవ్యుడు కొంచెము మఱపునకు వచ్చినాడు. కాటుకొక యణా యన్నమాట యామె మనసులో నాటుకొన్నది. మొన్న భోజనమైన పిమ్మట కొడుకును పిలిచి లెక్క వేయుమనెను. రాత్రికి మూడు కాట్ల చొప్పున, ఏడాదికి మూడువందల అఱువదియైదు రాత్రులు, డెబ్బది యేండ్లు. మా వారు కాగితము తీసి హెచ్చవేసిరి. డెబ్బదియాఱువేల ఆఱువందల యేబది యణాలు. అనగా 4,790 రూపాయల పదణాలు. “చలికాలమున దోమలు తక్కువ గదమ్మా” యని సగము తగ్గింపబోయిరి. “చలికాలానికి తక్కువైతే వానకాలానికి ఎక్కువ కుట్టలేదా? ఏం పంతులువురా నువ్వు!” అని యామె కోపపడి, లెక్క పూర్తిగా నుంచి, వడ్డీ వేయలేదేమని యడిగెను.